జెరూషా ఇంటి బూర

కేలబ్‌ను పట్టపగలే కట్టేసి తీసుకుపోయారు. మొక్కజొన్న కోస్తున్నవాణ్ని నలుగురు గుర్రాల మీదొచ్చి, ఒకప్పుడు అతన్ని బానిసగా ఉంచుకున్న మేరీలాండ్ దొర రాసిచ్చిన కాగితం చూపించి, తప్పిపోయిన గొడ్డును పట్టినట్టు పట్టారు. షెరీఫు పక్కనే నిలబడి చూశాడు. చట్టం వాళ్లదే కదా మరి. కేలబ్ గొంతు చించుకుని అరిచాడు. గట్టుకు అవతలి పొలంలో అతని గూడెంవాళ్లే పదిహేనుమంది పనిచేస్తున్నారు, ఒక్కరికీ వినపడలేదు. చూసింది అల్లుడికి రొట్టె తెచ్చిన ముసలి జెరూషా ఒక్కతే.

ఆ ఆదివారం చర్చిలో అందరూ కూడారు. ఇంటికో రేకు బూర కొందామన్నాడు సున్నపు బట్టీ కూలీ లెవిన్. మనుషుల్ని పట్టేవాళ్లు రాగానే ఊదాలి, విన్నవాళ్లు చేతికి దొరికింది పట్టుకుని పరుగెత్తాలి. సభలో గొడవ లేచింది. దొరల తోటల్లోంచి పారిపోయి వచ్చి, పెన్సిల్వేనియాలో ఈ గూడెం కట్టుకున్న రోజునే వాళ్లు పెట్టుకున్న మొదటి కట్టుబాటు, ఇక్కడ బూర మోగకూడదని. ఆ తోటల్లో తెల్లారకముందే పనికి బూర మోగేది. రెండో బూరకి చేలో లేనివాడి వీపు చిట్లేది. చుట్టుపక్కల తెల్లరైతులు కూలీలను అన్నానికి బూరతోనే పిలుస్తారు. వీళ్లు మాత్రం నడిచివెళ్లి పిలుచుకొస్తారు.

"నలభై ఏళ్లు విన్నానురా ఆ కూత," అంది జెరూషా. "నిండు చూలాలినై ఉండి కూడా లేచి పరుగెత్తాను. దాన్ని నా గడపలోకి తేకు."

"మరి కేలబ్ కేక ఎవరు విన్నారు పెద్దమ్మా?"

బూరలు కొనాలని చేతులు లేచాయి. ఎత్తున ఉన్న ఇల్లు ఆమెదే కాబట్టి అక్కడొకటి ఉండి తీరాలన్నారు. ఆమె దాన్ని గోనెలో చుట్టి గొడ్లపాకలో పడేసింది.

మూడో వారం, పొద్దెక్కాక, ఆ నలుగురే తమార్ కోసం వచ్చారు. కేలబ్ పెళ్లాం, జెరూషాకు మిగిలిన ఒక్క కూతురు. తల్లి ఇంట్లో ఉన్న తమార్ గడియ వేసుకుని గొడ్డలి పట్టుకుంది. వాళ్లు దుంగతో తలుపు బద్దలు కొడుతున్నారు. పాకలో ఉన్న జెరూషా గోనె విప్పింది. వినడమే గాని ఎన్నడూ ఊదింది లేదు. మొదటిసారి ఉత్త గాలే వచ్చింది. రెండోసారి కూత లేచింది.

చేలల్లో ఒక్క క్షణం అందరూ బిగుసుకుపోయారు. చెవులకంటే ముందు వీపులు విన్నాయి. అంతలో లెవిన్ కదిలాడు, వెనక గూడెమంతా కదిలింది. కొడవళ్లు, మొక్కజొన్న నరికే కత్తులు, మూడు పాత తుపాకులు.

"ఇది చట్టం," అని కాగితం ఎత్తాడు వాళ్లలో పెద్దవాడు.

"చదవలేం దొరా," అన్నాడు లెవిన్. "అక్షరం ముట్టుకుంటే కొరడాతో కొట్టింది మీరేగా."

వచ్చినవాళ్లలో ఒకడి తుపాకి పేలింది. లెవిన్ గుమ్మం ముందే పడిపోయాడు. ఆ తర్వాత జనాన్ని ఆపగలిగేవాడు లేడు. కాగితం పట్టుకున్నవాడు మళ్లీ లేవలేదు. మిగతా ముగ్గురూ గుర్రాలు వదిలేసి పారిపోయారు.

సాయంత్రానికి సైనికులు దిగారు. అప్పటికే తమార్‌ను ఆ చట్టం చెల్లని కెనడా దారి పట్టించారు. నాయకుడెవడని అడిగితే గూడెంలో ఎవరూ నోరు విప్పలేదు. చితక్కొట్టడం మొదలుపెట్టేసరికి జెరూషా ముందుకొచ్చింది.

"పిలిచింది నేను."

సంకెళ్లు వేసి బండెక్కించారు. సాక్ష్యం కోసం బూర కూడా పట్టుకున్నారు.

బండి మలుపు తిరుగుతుండగా ఏదో ఇంటి దగ్గర బూర మోగింది. దాని వెనక ఇంకొకటి. గట్టుకు అవతలినుంచి మరో రెండు. కాపలా సిపాయి తుపాకి సర్దుకున్నాడు.

"ఏంటది, అన్నానికి పిలుపా?"

"కాదు బాబూ, పనికి," అంది జెరూషా. నలభై ఏళ్లు ఆ కూతకు లేచి పరుగెత్తిన మనిషి, ఈసారి బండిలో కూర్చునే తనకోసం మోగుతున్న బూరలు ఎన్నో లెక్కపెట్టింది.