ఆదివారం కొండలు

నాగదుర్గకు అలవాటైన వెయ్యి పనులకు తోడు ఆ ఏడాది కొత్తగా రెండు వచ్చి పడ్డాయి. ఒకటి భర్త కాలి వేలు. రెండోది ఆమె లెక్కలు చెప్పే బడికి పైనుంచి వచ్చిన ప్రాజెక్టు: 'నిత్యజీవితంలో గ్రాఫులు'. తొమ్మిదో తరగతి పిల్లల చేత ఇంట్లోనూ వీధిలోనూ గ్రాఫులు వెతికించాలి, కొత్తవి గీయించాలి, ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాలి. ఫోటో పెట్టకపోతే పాఠం చెప్పనట్టే లెక్క. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే అనుకుంది. చిరాకు పడటానికి కూడా ఓపిక ఉండాలి కదా, అది లేక ఊరుకుంది.

ముందు వేలి సంగతి చెప్పాలి. సత్యప్రసాద్‌కు తణుకు బజారులో బట్టల కొట్టు ఉంది. బట్టల కొట్లో పరుపుల మీద ఎవరూ చెప్పులతో తిరగరు. చొక్కాల ప్యాకెట్లలోంచి రాలిన గుండుసూది ఒకటి ఆయన కాలి బొటనవేల్లో దిగింది. ఏళ్ల తరబడి షుగరుతో స్పర్శ పోయిన కాలు, చీమ కుట్టినట్టైనా అనిపించలేదట. సాయంత్రం పరుపు మీద మరకలు చూసి కొట్లో పనివాళ్లు చెబితే గానీ తెలియలేదు. ఆ సూదిపోటే పుండైంది. కొట్టు తమ్ముడికి అప్పగించి ఆయన ఇంట్లో కుర్చీకి పరిమితమయ్యాడు.

"నెలాఖరుకి షుగరు దారిలోకి రాకపోతే వేలు తీసెయ్యాలమ్మా. వేలుతో ఆగితే మన అదృష్టం" అన్నారు డాక్టరుగారు. రాత్రిపూట ఏం తింటున్నారని కూడా అడిగారు.

"వారమంతా జొన్నరొట్టేనండి. శనివారం మాత్రం ఏమీ తినరండి, ఒక్కపొద్దు" అని చెప్పింది నాగదుర్గ.

డాక్టరుగారు తలూపి రాసుకున్నారు. ఆయనదీ ఈ నేలే. ఇక్కడ అన్నం తినకపోతే ఏమీ తిననట్టే. భోజనమంటే అన్నం, తక్కినదంతా నోట్లో వేసుకున్నా వేసుకోనట్టే లెక్క.

ఆమె రోజు చీకటితో మొదలవుతుంది. లేవగానే ఆయన చేతి వేలు పొడిచి పరగడుపు షుగరు చూడాలి. అంకె తక్కువుంటే దేవుడికో దణ్ణం, ఎక్కువుంటే నిద్ర సరిగా పట్టలేదేమోనని ఓ అనుమానం. తర్వాత పుండు కడిగి కట్టు కట్టడం, రొట్టెలు, క్యారేజీ, బస్సు. బళ్లో ఆరు పీరియడ్లు నిలబడి, తిరిగి వచ్చాక మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి. మెట్టెలు వేళ్లకు బిగుసుకుపోయేలా పాదాలు వాచేవి. ఇంట్లో పుండున్నది ఆయన కాలికి కాబట్టి తన కాళ్ల గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ గురువారం పిల్లలు గ్రాఫులు పట్టుకొచ్చారు. నిజానికి బాగానే తెచ్చారు. ఒకడు రొయ్యల చెరువు గ్రాఫు గీశాడు. రొయ్య ఎదిగేకొద్దీ కిలోకి తూగే లెక్క, అదే కౌంటు, తగ్గుతుంది. అందుకని వాడి గీత పైనుంచి కిందికి దిగింది.

"గీత కింద పడిపోతోందేంటి, నష్టమా?" అని అడిగింది నాగదుర్గ.

"కాదండి మేడమండి, లాభమండి. గీత దిగితే మా నాన్న నవ్వుతాడండి."

క్లాసంతా నవ్వింది. దిగే గీత కోసం ఎదురుచూసే వాళ్లు కూడా ఉంటారని ఆమెకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు పిల్లలకు మాదిరిగా తనూ ఒకటి బోర్డు మీద గీయాలి. చేతికి అందిన అంకెలేవీ లేవు. బ్యాటరీ మార్పించడానికని తెచ్చిన షుగరు మిషను సంచిలో ఉంది. పాత అంకెలన్నీ తేదీలతో సహా అది దాచుకుంటుంది. ఎవరివో చెప్పకుండా, "ఒకాయన షుగరు" అని రాసి, అడ్డగీత మీద తేదీలు, నిలువుగీత మీద అంకెలు వేసి, చుక్కలు పెట్టి కలుపుకుంటూ పోయింది. రెండు నెలల అంకెలు ఎక్కించేసరికి చెయ్యి లాగింది. సుద్దముక్క పెట్టేసి కుర్చీలో కూర్చుంది. బోర్డు వైపు చూడలేదు కూడా.

"మేడమండి" అంది ముందు బెంచీలో లోవలక్ష్మి. "ఆ కొండలన్నీ ఆదివారాలేనండి."

నాగదుర్గ తల తిప్పింది. తిన్నగా పోతున్న గీత ఉన్నట్టుండి లేస్తోంది, మర్నాడో ఆ మర్నాడో దిగుతోంది, మళ్లీ లేస్తోంది. లేచిన ప్రతిచోటా కింద ఆదివారం తేదీ ఉంది.

"ఆదివారం కోడికూర కదండి" అన్నాడు వెనక బెంచీలో ఒకడు.

"పొద్దున్నే ఏమీ తినకముందు చూసిన షుగర్రా అది" అంది ఆమె.

"అయితే శనివారం రాత్రి తిన్నదండి" అంది లోవలక్ష్మి.

నాగదుర్గ లేచి బోర్డు దగ్గరికి వెళ్లింది. ఇరవై ఏళ్లుగా గ్రాఫులు నేర్పుతున్న మనిషి, రోజూ తన చేత్తో చూసిన అంకెల్ని ఒక్కసారి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు. విడివిడిగా చూస్తే ప్రతి అంకే ఒక పొద్దుటి దిగులు, అంతే. ఫోటో తీసి యాప్‌లో పెట్టడం కూడా మరిచిపోయింది.

ఇంటికి వచ్చాక సంచి కింద పెట్టకుండానే అడిగింది.

"శనివారం రాత్రి మీరేం తింటున్నారండి?"

"ఏం తింటాను, ఒక్కపొద్దు కదా. అన్నం ముట్టను" అన్నాడు సత్యప్రసాద్.

"అన్నం సంగతి కాదు. ఏం తింటున్నారని."

"అచ్చిబాబు బండి మీద టిఫినే కదా. నీకూ తెప్పిస్తున్నాను."

"నాకు ఇడ్లీలు. మీకు?"

ఆయన చెప్పాడు. పెసరట్టు, దాంట్లో ఉప్మా. అల్లప్పచ్చడి తియ్యగా ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ. ఒక్కపొద్దు అన్నాక పండు తినాలి కాబట్టి రెండు చక్కెరకేళీలు. పక్కింటి అచ్చాయమ్మగారు గుడి నుంచి తెచ్చిచ్చే చక్కెర పొంగలి, ప్రసాదం కాబట్టి. చెబుతూ చెబుతూ, ఆ జాబితా ఎంత పొడుగుందో తనకే వినబడి మధ్యలో ఆగిపోయాడు. ఆ తిండి ఏ రాత్రీ ఆమె కళ్ల ముందు జరగలేదు. ఇడ్లీ తినగానే ఫ్యాను కింద ఒరిగి నిద్రపోయేది.

ఆమెకు కోపం వచ్చింది. అలిసిపోయిన మనిషి కోపం, గొంతు కూడా పెరగలేదు.

"వేలు తీసేస్తామంటున్నారండి. నేను చీకటితో లేచి రొట్టెలు కాలుస్తుంటే మీరు పండగ చేసుకుంటున్నారా? కొట్లో దేవుడి పటానికి అగరొత్తి కూడా తమ్ముడి చేతే వెలిగించిన మనిషి మీరు. మీకెందుకండి ఈ ఒక్కపొద్దులు?"

సత్యప్రసాద్ కాలి కట్టు వైపు చూశాడు.

"దేవుడి కోసం కాదు దుర్గా" అన్నాడు. "శనివారానికి నీ మొహం చూడలేకపోతున్నాను. ఆ పూట వంట మానెయ్యమంటే మానవు. బయట నుంచి తెప్పిస్తానంటే పథ్యం చెడుతుందంటావు. ఎవరు చెప్పినా నువ్వు గరిటె కింద పెట్టవు. దేవుడి పేరు చెబితే పెడతావని మొక్కుకున్నానన్నాను."

నాగదుర్గ గుమ్మం పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. ఆ శనివారాలు గుర్తొచ్చాయి. ఎనిమిదింటికల్లా పట్టే నిద్ర, కలలు కూడా రాని నిద్ర. వారానికి ఆ ఒక్క రాత్రి దేవుడు తనమీద దయతలిచాడనుకుంది. బోర్డు మీద తను గీసిన కొండలన్నీ తన నిద్రలే. ఆయన వేలు కరుగుతున్నది ఆ నిద్ర కిందే. ఏడుపొచ్చింది. ఎవరి మీద ఏడవాలో తెలియక అలాగే ఏడ్చింది.

"పెసరట్టు నేను తినకుండా ఉండాల్సింది. అది మాత్రం నా తప్పే. అన్నం కాదు కదా అనుకున్నాను" అన్నాడాయన.

"ఇక మానెయ్యండి. శనివారం కూడా నేనే వండుతాను."

"ఇలా అంటావనే చెప్పలేదు" అన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి, కాగితం మీద మళ్లీ గీసిన గ్రాఫు డాక్టరుగారికి చూపించారు. ఆయన దాన్ని చూసి, పొంగలి మాట విని, నవ్వబోయి ఆగారు. నెలాఖరు మాట మరో నెలకు జరిపారు. వేలు నిలుస్తుందని మాత్రం అనలేదు.

శనివారం ఆమె బడి నుంచి వచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. సత్యప్రసాద్ ప్లాస్టిక్ కుర్చీ పొయ్యి దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, మూకుడులో ఆనపకాయ కూర కలుపుతున్నాడు. జీవితమంతా చీరలు మడతపెట్టిన చెయ్యి, గరిటెను కత్తెర పట్టినట్టు పట్టుకుంది. ముక్కలు ఒకటి బొటనవేలంత, ఒకటి గోరంత. పొయ్యి గట్టంతా తొక్కలు. రొట్టెలు రాలేదని జొన్న సంకటి కెలికాడు, అది పక్కన గిన్నెలో ఉండలు కట్టి ఉంది.

నాగదుర్గ చెయ్యి దానంతటదే గరిటె వైపు వెళ్లింది.

"నువ్వెళ్లి కూర్చో" అన్నాడు ఆయన, వెనక్కి తిరగకుండానే.

ఆమె నిలబడింది. పాదాలు సలుపుతున్నాయి. "నాకు ఓపిక లేదండి" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"తెలుసు" అన్నాడాయన.

ముందుగదిలోకి వచ్చి, గోడకు జారగిలబడి కాళ్లు చాపుకుంది. కాసేపటికి కూర అడుగంటుతున్న వాసన వచ్చింది. మంట తగ్గించమని చెప్పడానికి నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. వాసన ఘాటెక్కుతూనే ఉంది, లోపల గరిటె గరగరమని గీకుతూనే ఉంది. నాగదుర్గ లేవలేదు.