ముప్పై రెండు పియాలాలు

బురుల్ ఆ ఇంటి కోడలై పదకొండు రోజులైంది. చాయ్ నీళ్ళు కాగే సమోవర్ ముందు కూర్చోవడం మాత్రం ఇవాళే మొదలు. తలకి తెల్ల రుమాలు, రుమాలు కింద చెవిలో ఇయర్‌ఫోను, ఎదురుగా ఇరవై ముగ్గురు చుట్టాలు. ఓష్ ఊళ్ళో కొత్త కోడలికి అంతకంటే పెద్ద పరీక్ష లేదు. ఏం చదివిందో ఎవరూ అడగరు, చాయ్ ఎలా పోస్తుందో చూస్తారు.

రెండో పరీక్ష కూడా ఆ పూటే వచ్చిపడింది. గుర్రాల మీద ఆడే ఉలాక్ ఆట ఫైనల్‌కి టిక్కెట్లు ఈసారి ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు. ఎనిమిది నెలలు కూర్చుని ఆ సైటు రాసింది బురులే. మామగారు జుమాబెక్ ఈ సంగతి వీధి వీధంతా చాటింపు వేశాడు. సరిగ్గా పన్నెండింటికి అమ్మకం తెరిచారు. చుట్టాలంతా ఒక చేత్తో నూనెలో వేగిన బోర్సోకులు నములుతూ రెండో చేత్తో ఫోన్లు పొడవడం మొదలెట్టారు. గుర్రాలెక్కినవాళ్ళు కూడా అంత ఆవేశపడరు.

పన్నెండూ పదికి సైటు పడుకుంది.

"ఎజె, బ్యాంకు పలకట్లేదు," అన్నాడు ఇల్గిజ్ చెవిలో. ఆఫీసులో బురుల్ కింద పనిచేస్తూ ఆమెని ఎజె, అంటే అక్కా, అని పిలిచే కుర్రాడు, మనిషి మంచివాడే గాని కంగారు ఎక్కువ. "మళ్ళీ స్టార్ట్ చేస్తే అయిదు నిమిషాలు బానే ఉంటోంది. తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. పోటీ నడిపేవాళ్ళు ఫోన్ చేశారు. రెండింటికల్లా బాగుపడకపోతే సైటు మూసేసి కౌంటరు కిటికీ దగ్గర కాయితం టిక్కెట్లు అమ్ముకుంటారంట. ఇక మనతో పని లేదంట."

 లేచి పరిగెత్తి లాప్‌టాప్ ముందు కూలబడాలని ఉంది బురుల్‌కి. కానీ సమోవర్ ముందునుంచి కోడలు లేచిపోతే ఆ మాట ఆమె మనవలదాకా చెప్పుకుంటారు. కూర్చునే పోసింది.

"కోడలు పిల్ల రాసిన సైటన్నావు కదా జుమాబెక్?" అన్నాడు ఎసెన్ బాబాయి. "నా ఫోన్లో ఒక చక్రం తిరుగుతోంది. మీ సైటు చక్రాలు అమ్ముతుందా?"

జుమాబెక్ తలమీది కల్పాక్ టోపీ తీసి, దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. దులపడానికి దానిమీద ఏమీ లేదు.

ఈలోగా బురుల్ ఇంకో ఘనకార్యం చేస్తోంది. చాయ్ తాగే ఆ పిడిలేని పియాలాలన్నీ ఒక్కలాంటివే, నీలం మీద తెల్ల పత్తిపువ్వు. ఒకరి ఎంగిలిది ఇంకొకరికి వెళ్ళిపోతే తల తీసేసినట్టవుతుందని భయపడి, తిరిగొచ్చిన ప్రతి పియాలానీ వెనకాల పళ్ళెంలో దాచేసి, అలమారలోంచి కొత్తది తీసి పోస్తోంది. రెండో వరసలో తొమ్మిదిమందికి పోసేసరికి అలమారలో చెయ్యి ఖాళీగా తగిలింది.

మామగారి అక్క సాలికా అపా మొదటినుంచీ ఆ చేతులనే చూస్తోంది. ఆవిడ చూపు పడితే సమోవర్ కూడా బుసకొట్టడం మానేస్తుందని ఇంట్లో చెప్పుకుంటారు.

"ఏమే, ముప్పై రెండు పియాలాలు పెట్టుకుని, ముప్పై మూడోసారికి లేదంటావా?"

"ఒకరిది ఒకరికి కలిసిపోతుందేమోనని భయం వేసింది, అపా."

"కలిస్తే? ఎవరి మూతి తగిలిందో పియాలాకి గుర్తుంటుందా? నీళ్ళతో తొలిచి మళ్ళీ పొయ్యి. చేతికొచ్చింది పక్కన పారేసి కొత్తది, కొత్తది అంటే నీకు పియాలాలు చెయ్యడానికి చైనాలో మట్టి చాలదు."

గదంతా నవ్వింది. బురుల్ నవ్వలేదు. ఆ మాటలో ఆమెకి తన సైటే కనపడింది. సరిగ్గా ఆ భయంతోనే, ఒకరి డబ్బు ఇంకొకరి లెక్కలో కలవకూడదని, టిక్కెట్టు టిక్కెట్టుకీ బ్యాంకుతో మాట్లాడే క్లయింటనే ప్రోగ్రాము ముక్కని కొత్తగా పుట్టించింది. ఒక్కోటీ ఒక్కో లైను పట్టుకుంటుంది. మాట అయిపోయాక దాన్ని వెనక్కిచ్చే దిక్కు లేదు. బ్యాంకు ఒకేసారి రెండొందల లైన్లే ఇస్తుంది. అవి అయిపోయాక ఇక ఎత్తదు.

"ఇల్గిజ్, విను," అంది పైకే. ఇరవై ముగ్గురూ ఇటు తిరిగారు. "టిక్కెట్టుకో క్లయింటు తీసెయ్. సైటు లేచేటప్పుడు ఒక్కటి పుట్టించు, అందరికీ అదే. లైన్లు యాభైకి మించొద్దు. జవాబు చివరిదాకా చదివి లైను వెనక్కివ్వాలి, తర్వాతివాళ్ళకి అదే ఇవ్వాలి."

"ఒకరిది ఒకరికి కలిసిపోవా, ఎజె?"

"ఎవరు మాట్లాడారో లైనుకి గుర్తుంటుందా? ఎవరి టిక్కెట్టో అడిగేటప్పుడే రాస్తున్నాంగా."

"ఎవరితోనే మాటలు?" అంది సాలికా అపా.

"బ్యాంకుతో, అపా."

"బ్యాంకుకి కూడా చాయ్ పోస్తున్నావా?"

ఒంటిగంటన్నరకి సైటు లేచింది. అయిదు నిమిషాలు దాటింది, ఎనిమిది దాటింది. బురుల్ పళ్ళెంలో పియాలాలన్నీ తొలిచి, హుషారుగా పోస్తూపోయింది. అంతలోకే ఇల్గిజ్ ఏడుపు గొంతు చెవిలో వినిపించింది.

"మళ్ళీ నెమ్మదిస్తోంది. కొన్ని లైన్లు వెనక్కి రావట్లేదు. బ్యాంకు ఎప్పుడు జవాబిస్తుందా అని పట్టుకుని కూర్చున్నాయి."

గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది.  అదే సమయానికి ఎసెన్ బాబాయి తన కుంటి గుర్రం కథ మూడోసారి చెబుతున్నాడు. చేతిలో పియాలా, అడుగున చల్లారిన చాయ్, గంటనుంచి అంతే. సాలికా అపా చెయ్యి చాచి ఆ పియాలా లాగేసుకుంది.

"తాగవు, ఇవ్వవు. నీ గుర్రం గమ్యం చేరేలోపు ఇక్కడ జనం గొంతులు ఎండిపోతాయి."

"పది సెకన్లు, ఇల్గిజ్," అంది బురుల్. నవ్వొస్తోంది, ఆపుకోలేకపోతోంది. "జవాబు రాకపోతే లైను లాక్కో. డబ్బు కట్టారో లేదో తర్వాత టిక్కెట్టు నంబరు చెప్పి అడుగుదాం. బాబాయి కథ అయ్యేదాకా ఆగొద్దు."

ఒంటిగంటా యాభై రెండుకి టిక్కెట్టొచ్చిందని మొదటి ఫోను టింగుమంది. ఎవరిదనుకున్నారు, ఎసెన్ బాబాయిదే. తర్వాత జుమాబెక్‌ది. తర్వాత గదిలో ఫోన్లన్నీ ఒకదాని మీద ఒకటి టింగు టింగుమన్నాయి. ఎసెన్ బాబాయి కూర్చున్నచోటే గుర్రం తోలాడు. ఒకావిడ బోర్సోకులు అందరి మీదా చల్లింది. జుమాబెక్ ఈసారి కల్పాక్ పైకి విసిరాడు, అది వెళ్ళి సమోవర్ మీద పడింది. రెండింటికి ఇల్గిజ్ అన్నాడు, "కిటికీ తెరవట్లేదంట ఎజె. వచ్చే ఏడాదీ మనమేనంట." బురుల్ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా కిలకిలా నవ్వింది.

సాలికా అపా ఇక చాలన్నట్టు తన పియాలా బోర్లించింది. లేచి, మోకాళ్ళు పట్టుకుని మూలుగుతూ వచ్చి, కోడల్ని పక్కకి జరిపి సమోవర్ ముందు కూర్చుంది.

"జరుగు. పొద్దున్నుంచీ నీ గొంతులో చుక్క పడలేదు."

ఒక పియాలా తొలిచి, అడుగున రెండు గుక్కలే పోసింది. పోవయ్యా బాబూ అనాల్సిన వాళ్ళకే ఆ ఇంట్లో నిండుగా పోస్తారు. ఉండు, మళ్ళీ అడుగు అనాలనుకున్నవాళ్ళకి రెండే గుక్కలు.

బురుల్ ఆ రెండు గుక్కలూ తాగి, పియాలా వెనక్కిచ్చింది.