ఎడమ జేబులో తూటా

"తిరుమల ట్వంటీటూ తూటాలు తెచ్చిండు సార్. ముక్కు బోలుగ ఉన్నయి. పెట్టె మీద పంది బొమ్మ గూడ ఉంది," ఊరి నుంచి వీడియో కాల్‌లో రైతు మారయ్య అన్నాడు.

అబ్దుల్ ఖాదిర్ నుదురు రుద్దుకున్నాడు. సింగపూర్ టోవా పాయోలో కూతురు ఫహ్మీదా ఫ్లాట్‌కు వచ్చినప్పటి నుంచి రోజూ ఇదే గొడవ. కామారెడ్డి వైపు ఊళ్లలో మక్క చేలను పాడుచేసే అడవిపందుల్ని కాల్చడానికి అటవీ శాఖ అనుమతి ఉన్న షికారీ ఆయన. బడిలో పీఈటీ సారుగా రిటైరయ్యాడు. ఆయన సింగపూర్‌లో ఉన్నాడని పందులకు తెలిసిపోయిందేమో, మందలుగా దిగాయి. ఆయన బదులు తిరుమల అనే కొత్త షికారీ తుపాకీ పట్టాడు.

"బొమ్మను చూసి పంది చస్తదా మారయ్యా? ట్వంటీటూ అంటేనే చిన్న తూటా. బోలు ముక్కుదైతే తగలంగనే విచ్చుకుంటది. కుందేలుకు సరే. పందికి భుజం మీద తోలు కింద పలక లెక్క గట్టిగ ఉంటది. తూటా ఆడనే ఆగిపోతది. పంది ఉరికిపోయి, ఏ చేన్లనో పడి, కుళ్లి కుళ్లి చస్తది."

"మీరు గూడ ట్వంటీటూతోనే కొడ్తరు గద సార్?"

"చేల పక్కన గుడిసెలుంటయని చిన్నది వాడ్త. గని నిండు సీసం. దగ్గరికి పోయి చెవి ఎనక కొడ్త. తిరుమల అంత దగ్గరికి పోతడా? భయం ఆయనకు."

"భయం కాదు సార్. భార్య తిడ్తది."

ఖాదిర్‌కు నవ్వు రాలేదు. రేపు సాయంత్రం ఫ్లైటు. ఇంటికి చేరితే చాలనిపిస్తోంది. "నిండు ముక్కు ఎట్లుంటదో చూపిస్త, ఆగు," అంటూ అలవాటుగా జాకెట్ ఎడమ జేబులో చేయి పెట్టాడు.

ఏసీ చలికి ఆగలేక ఇందాకే సూట్‌కేసు అడుగు నుంచి తీసి తొడుక్కున్న జాకెట్ అది. షికారు జాకెట్.

వేళ్లకు తగిలినదాన్ని తీసి ఫోను ముందు పెట్టాడు. ఇత్తడి మెరిసింది.

"ఆఁ, మంచిగ కనబడ్తుంది సార్!" అన్నాడు మారయ్య.

ఖాదిర్ ఫోను కట్ చేశాడు.

ఎదురుగా టీ కప్పుతో అల్లుడు ఉబైద్ నిలబడి ఉన్నాడు. రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసుకునే మనిషి. ఆదివారం కూడా ఆఫీసు ఫోన్లతో కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు ఆ కళ్లు తూటాను చూస్తున్నాయి.

"మామూ, అది నిజందా?"

"నిజందే."

ఉబైద్ కప్పు బల్ల మీద పెట్టి, వెళ్లి కిటికీ తెర లాగాడు. ఈ దేశంలో ఇంట్లో ఒక్క తూటా దొరికినా జైలే. ఆ సంగతి ఇక్కడికి వచ్చిన మొదటి వారంలోనే అందరికీ తెలుస్తుంది.

"ఎట్లొచ్చింది?"

"జాకెట్ సర్దేముందు కుడి జేబు ఖాళీ చేసిన. ఎడమది చూడలే. ఎయిర్‌పోర్టు మిషన్ల గూడ దొరకలే."

"రెండో జేబు చూసుకోనీకి ఏమైంది మామూ?"

"ఎడమ జేబుల ఉండేదాన్ని నేను తూటా అనుకోను మియా. అది ఎప్పటికీ ఆడనే ఉంటది, చేతిరుమాలు లెక్క."

ఫహ్మీదా లోపలి నుంచి వచ్చింది. ఆమెకు విడమరచి చెప్పనక్కర్లేదు. చిన్నప్పటి నుంచి చూసిందే. మిగతా షికారీలు గాయపడ్డ పందిని కత్తితోనో బల్లెంతోనో ముగిస్తారు. ఖాదిర్ పందిని ముట్టుకోడు. కాలుస్తాడు, దూరంగా నిలబడతాడు, మాంసం ఎవరు పట్టుకుపోయినా అడగడు. అందుకే పడి కొట్టుకుంటున్న పంది కోసం నిండు సీసం తూటా ఒకటి ఎడమ జేబులో వేరుగా ఉంచుతాడు. గాయపడ్డదాన్ని వదిలి రావడం ఆయనకు చేతకాదు.

"వంటింట్లో చెత్త గొట్టం ఉంది గదా. అందుల వేసేయండి అబ్బాజాన్," అంది ఫహ్మీదా.

"మీ చెత్త ఎటు పోతది?"

"తీసుకపోయి కాలుస్తరు."

"మరి? ఆ మంటల పేలితే? ఆడ ఎవడో ఒకడు నిలబడి ఉంటడు గదా బేటా."

ఆయన తూటాను పిడికిట్లో మూసుకున్నాడు.

"పోలీసోళ్లకు ఇచ్చేస్త," అన్నాడు ఖాదిర్.

"ఇస్తే పాస్‌పోర్టు పట్టుకుంటరు. రేపటి ఫ్లైటు పాయె. ఎన్ని నెలలో తెల్వదు. కేసు పెడితే ఈ వయసుల జైలుకు పోతరా మామూ? రేపటిదాక గమ్మునుంటే ఇంట్ల ఉంటరు."

"రేపటిదాక ఇది ఏడుంటది? మీ ఇంట్లనా?"

చివరికి తూటాను స్టీలు గ్లాసులో వేసి, పైన సాసర్ మూసి, ఫ్రిజ్ మీద పెట్టారు. ఖాదిర్ సాయంత్రం చేసే అసర్ నమాజుకు లోపలి గదిలోకి వెళ్లాడు. ఫహ్మీదా సోఫాలో తల వాల్చింది.

ఉబైద్ చప్పుడు చేయకుండా సాసర్ ఎత్తాడు.

సముద్రంలో పారేయాలి. అంతే. రైలెక్కి, దిగి, గట్టు దాకా నడిచి, విసిరేయాలి. చెప్పులేసుకుని కిందికి దిగాడు. ప్యాంటు జేబులో తూటా గోరంత బరువు కూడా లేదు. అయినా కాలు ఈడ్చుకుంటూ నడిచాడు.

స్టేషన్ గేట్ల ముందు బల్ల వేసి ఉంది. ఇద్దరు పోలీసులు మనుషుల్ని ఆపి సంచులు చూస్తున్నారు. ఒకడి చేతిలో ఒంటి మీద లోహాన్ని పసిగట్టే యంత్రం. ఎప్పుడో ఒకసారి జరిగే తనిఖీ. ఈరోజే జరగాలా?

వెనక్కి తిరిగితే చూస్తారు. ముందుకు పోతే పట్టుకుంటారు. ఉబైద్ పక్కకు మళ్లి తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో దూరాడు. కాఫీ కొన్నాడు. ఎవరో టిష్యూ పొట్లం పెట్టి చోప్ చేసుకున్న, అంటే ముందే ఆపుకున్న కుర్చీలో కూర్చున్నాడు. "అంకుల్, ఇది మా సీటు లాహ్," అన్నారెవరో ఇక్కడి యాసలో. లేచాడు. కాఫీ తాగకుండానే వదిలేసి ఇంటి దారి పట్టాడు. గ్లాసులో తిరిగి పెట్టేద్దాం. తర్వాత సంగతి తర్వాత.

బ్లాకు కింద లిఫ్టు ముందు మామ నిలబడి ఉన్నాడు. పక్కన ఇద్దరు పోలీసులు.

"మంచి టైముకొచ్చినవు ఉబైద్," అన్నాడు ఖాదిర్. "నమాజైనంక ఠాణాకు పోయి వచ్చిరాని ఇంగ్లిష్‌ల చెప్పేసిన. తూటా చేతబట్టుకొని రోడ్డు మీద నడుసుడు తప్పని ఇంట్లనే ఉంచి వచ్చిన. ఈ సార్లను తీసుకపోతున్న."

లిఫ్టు తలుపు తెరుచుకుంది. నలుగురూ ఎక్కారు. ఉబైద్ చేయి జేబులోనే ఉండిపోయింది. వేళ్లు తూటాను మూసి పట్టుకున్నాయి. పెద్ద అధికారి ఆవలించి, "సారీ, పొద్దుటి నుంచి డ్యూటీ," అని ఇంగ్లిష్‌లో అన్నాడు.

ఫ్లాట్‌లో ఖాదిర్ నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి సాసర్ ఎత్తాడు. గ్లాసు ఖాళీ.

ఫహ్మీదా ముఖం పాలిపోయింది. ఉబైద్ తీసిన సంగతి ఆమెకు తెలియదు. ఖాదిర్ నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. పొదలో కదలిక పట్టే కళ్లు ఆయనవి. అల్లుడి ముఖం చూశాడు. జేబులో చేయి చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు.

"నేనే తీసి ఏడనో పెట్టిన. ముసలోన్ని. యాదికొస్తలేదు," అన్నాడు.

ఫహ్మీదా ఆ మాటల్ని ఇంగ్లిష్‌లో చెప్పింది. పెద్ద అధికారి నిట్టూర్చాడు. అలాగైతే ఇల్లంతా వెతకాలి, మరి కొంతమందిని పిలవాలి, అప్పటిదాకా ఎవరూ బయటికి వెళ్లకూడదు. అంకుల్ మొదట ఉందని చెప్పి ఇప్పుడు లేదంటే ఆయనకే ఇబ్బంది.

"వెతకండి," అన్నాడు ఖాదిర్, కుర్చీలో కూర్చుంటూ.

ఉబైద్ చేయి బయటికి తీశాడు. తూటా బల్ల మీద పెట్టాడు. అది దొర్లి, టీ కప్పుకు తగిలి ఆగింది.

"పారేద్దామని నేను తీసుకెళ్లాను. ఆయనకు తెలియదు," అన్నాడు ఇంగ్లిష్‌లో.

ఖాదిర్ కళ్లు మూసుకున్నాడు. "నా మీద పోనియ్యకపోయినవా మియా."

"జైలుకు పోతే మీరు కోలుకోలేరు మామూ. నేనైతే కోలుకుంట."

చిన్న అధికారి మలయ్ కుర్రవాడు. చేతులకు తొడుగులు వేసుకుని తూటాను సంచిలో వేశాడు. మిగతావి ఎక్కడున్నాయని అడిగాడు. ఒక్కటే అన్నారు. ఒక్కటే ఎందుకని అడిగాడు. ఫహ్మీదా తండ్రి మాటల్ని ఒక్కొక్కటే చెప్పింది. చిన్న తూటా, నిండు సీసం, గాయపడ్డ పంది, కత్తి పట్టని చేయి.

అతను ఖాదిర్ వైపు తిరిగాడు. "ముట్టుకోరు. కానీ చంపుతారు."

"చేను నాశనం చేస్తుంటే ఏం జేయమంటవు?"

"ఇది నేను రాసుకుంటాను అంకుల్. దీంతో ఏమవుతుందో మాత్రం చెప్పలేను. మీరిద్దరూ రావాలి. పాస్‌పోర్టు తీసుకోండి."

ఉబైద్ సాక్సు వెతుక్కుంటుండగా బల్ల మీద ఫోను మోగింది. మారయ్య. పెద్ద అధికారి, స్పీకర్ పెట్టమన్నట్టు చేయి ఊపాడు.

"సార్, మీరు ఫోను పెట్టేసినంక తిరుమల ఆగలే, పోయిండు. బోలు ముక్కుదే కొట్టిండు. భుజానికి తగిలింది. పడలే. నెత్తురు కారుకుంట మక్క చేన్లకు పోయింది. రేపు పొద్దుగల మక్క ఇరవనీకి ఆడోళ్లు దిగుతరు. పని ఆపుమంటరా? ఎల్లుండికి మీరు ఎట్లనూ వస్తున్నరు గద, మీరే చూస్కుంటరు."

ఖాదిర్ పాస్‌పోర్టును చేతిలో తిప్పాడు.

"నేను వస్తలేను మారయ్యా."

"మరి ఎప్పుడు సార్?"

"ఎప్పుడో తెల్వదు. ఇను. ఆడోళ్లను దిగనియ్యకు. పక్కూరి షికారీకి పెద్ద తుపాకీ ఉంది, ఆయనను తోలుకరమ్మను. ఈ చిన్న తూటాలు ఇంక దానికి పనికిరావు. తిరుమలను ఎంట పొమ్మను. గాయం చేసింది ఆయన. పొద్దు గూకకముందే ముగించి రమ్మను."

"భయపడ్తుండు సార్ ఆయన. ఈసారి నిజంగనే."

"నేనూ భయపడ్తున్న. పొమ్మను."

ఫోను పెట్టేశాడు. చిన్న అధికారి జాకెట్ కూడా కావాలన్నాడు. ఖాదిర్ విప్పి ఇచ్చాడు. పల్చటి చొక్కాలో ఆయన ఒక్కసారిగా చిన్నగా కనిపించాడు. స్టేషన్‌లో చలిగా ఉంటుందని ఫహ్మీదా ఉబైద్ స్వెటర్ ఒకటి తెచ్చింది.

ఖాదిర్ దాన్ని అందుకున్నాడు. కుడి జేబులో చేయి పెట్టి చూశాడు. ఎడమ జేబులో చేయి పెట్టి చూశాడు. అప్పుడు తొడుక్కున్నాడు.