మీసాల బండి

పొద్దున్నే ఆత్మకూరులోని ఆ ఇంట్లో జోయల్ ఉదయగిరి బస్సు నడపడానికి ఖాకీ చొక్కా తొడుక్కునేవాడు. అతని భార్య సుకుమారి ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పడానికి పోతూ క్యారేజీ సర్దుకునేది. జోయల్ తల్లి లిదియమ్మ చట్నీకి తాలింపు వేసేది. మీసాల బండి ముగ్గురి కాళ్లకూ అడ్డం పడేది.

ఆ బండి సుకుమారి చేసిన రోబో. పిల్లి అంత ఉంటుంది. కళ్లు లేవు, మూతి చుట్టూ మెత్తటి రబ్బరు మీసాలు. చీకట్లో వాటితోనే తడుముకుంటూ పోవాలి. ఒక మీసం తెగితే మిగిలినవి దాని పని నేర్చుకోవాలి. పరీక్షకని ఉదయగిరి కోటలో కూలిన సొరంగంలోకి వదిలితే, రాళ్ల మధ్య సగం మీసాలు పోగొట్టుకుని బయటికొచ్చింది. మిగిలినవి నేర్చుకున్నాయి గానీ, గోడల్ని కాదు. అప్పట్నుంచి అది మనుషుల్లో దెబ్బతిన్న చోటు వెతుక్కుంటూ పోయేది.

వీధిలో ఎవరికీ అది వింత కాలేదు. ఎదురింటి నాగులమ్మ వచ్చి కూర్చుని కాలు చాపేది. బండి మడమ నిమిరితే, "నేననుకున్నదీ ఇక్కడే," అని లేచిపోయేది.

సుకుమారికి మాత్రం తల వాచిపోయింది. కాలేజీలో నడిపించి చూపిస్తే, అట్టపెట్టెల దారి వదిలేసి పోయి ప్రిన్సిపాల్ మోకాలు పట్టుకుంది.

"నొప్పి నిజమేనమ్మా. గోడ ఎప్పుడు పట్టుకుంటాది?" అన్నాడాయన విసుగ్గా.

ప్రోగ్రాం తుడిచి మళ్లీ రాసింది. అది మళ్లీ మోకాలి దగ్గరికే పోయింది.

ఇంట్లో జోయల్‌తో ఇంకో గోల. అతను అన్నానికి కింద కూర్చుంటే చాలు, బండి ఒళ్లోకెక్కి ఎడమ రొమ్ము తడిమేది.

"తీసెయ్ దీన్ని. ముద్ద దిగనీకుండా ఉండాది," అనేవాడు.

"ఒకసారి ఆస్పత్రిలో చూపించుకోరాదా నాయనా?" అనేది లిదియమ్మ.

"నాకేమైందమ్మా? గుండ్రాయి మాదిరి ఉండాను."

రోజూ ఇదే. వినలేక సుకుమారి కొత్త మీసాలు పోతపోసింది. "రేపు పాతవన్నీ పీకేస్తా," అంది.

"పీకబాకు," అంది లిదియమ్మ.

మర్నాడు జోయల్ బూట్లు తొడుక్కోడానికి వంగగానే బండి ఎగబాకి, ఉన్న మీసాలన్నీ చొక్కా గుండీలకు చుట్టేసింది. లాగితే రాలేదు. సుకుమారి కత్తెర తెచ్చి మీసాల కింద వేళ్లు దూర్చింది. అతని గుండె కొట్టుకుని, ఆగి, మళ్లీ కొట్టుకుంటోంది. కత్తెర కింద పెట్టేసింది.

"డిపోకు ఫోన్ చెయ్యి. ఇంకో డ్రైవర్ని పంపమను."

"దీనికోసం డ్యూటీ మానుకోవాల్నా?"

"మానుకో. నెల్లూరు పోదాం. డాక్టర్ ఏమీ లేదంటే దీన్ని నేనే పగలగొడతా."

బండిని బిడ్డ మాదిరి ఎదకు కరుచుకుని, దారంతా తిడుతూనే పోయాడు. సంగం ఊరు దాటాక తిట్లు ఆగిపోయాయి. చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆస్పత్రి మంచం మీద పడుకోబెట్టగానే మీసాలు వాటంతటవే వదిలేశాయి.

రక్తనాళాలు పూడిపోయి ఉన్నాయి. డాక్టరు వాటిని తెరిచి, ఏం పని చేస్తావని అడిగాడు. బస్సు నడుపుతానంటే డిపోకు ఒక చీటీ రాసిచ్చాడు.

మళ్లీ డ్యూటీకి పోతే డిపోవాళ్లు స్టీరింగ్ ఇవ్వలేదు. బస్టాండులో విచారణ కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

"ఉదయగిరి బస్సు ఎప్పుడు, ఎప్పుడని ప్రాణం తీస్తా ఉండారు. అంతా నువ్వూ, నీ బండీ చేసిందే," అని జోయల్ గడపలో అడుగు పెడుతూనే మొదలుపెట్టేవాడు.

మునుపైతే సుకుమారి మాటకు మాట అనేది. ఇప్పుడు వంటింట్లో మిక్సీ ఆపేసి, ఆ తిట్లు చివరిదాకా వినేది.