ఆర్కిడ్ పూసే చోటు

అరుణాచల్ కొండల నుంచి తిరిగొచ్చాక కూడా జయంతికి ఆ పువ్వే కళ్లలో మెదిలేది. లోయ అంచున, నాచు పట్టిన బండ పగుళ్లలో గుంపులుగా పూసిన ఆర్కిడ్. కింది రేకు పసిపిల్ల చెప్పులా ముందుకు ఉబ్బి ఉంటుంది. దాన్ని చూపించింది రించిన్, జయంతి బస చేసిన ఇంటావిడ. ఫొటో తీసుకోనిచ్చింది గానీ, కిందికి దిగుతూ చెయ్యి పట్టుకుని ఒక్కమాట అడిగింది.

"చోటు మాత్రం ఎవరికీ చెప్పకు. పక్క కొండమీద పీక్కెళ్లి అమ్ముకునేవాళ్లు ఒక్క మొక్క మిగల్చలేదు."

జయంతి సరేనంది. మాదాపూర్ ఆఫీసులో ఎవరడిగినా, "ఎక్కడో కొండల్లోనండి" అని మాట దాటేసేది. పక్క సీటు మహేశ్‌కు మొక్కల పిచ్చి. ఒకరోజు టీ దగ్గర అడిగాడు.

"గా ఫొటో ఒరిజినల్ జర పంపవా? వాట్సాప్‌ల మసకగ వస్తుంది. ఫ్రేం కట్టించుకుంట."

ఫొటోయే కదా అని మెయిల్ చేసింది.

ఆ వారంలోనే తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. అవతలి మనిషి హిందీలో ఎంతో మర్యాదగా అడిగాడు. "మేడమ్, బండకు ఎడమ పక్క నుంచి దిగాలా, కుడి పక్క నుంచా?"

జయంతి ఫోన్ పెట్టేసింది. ఆ బండ ఎక్కడుందో అతనికెలా తెలుసు? రించిన్‌కు ఫోన్ చేస్తే స్విచాఫ్. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అంతే.

కొన్నాళ్లకు మహేశ్ భార్య ఉమాశ్రీ, టీమ్ అందరినీ కోకాపేటలో కొత్త ఫ్లాటుకు భోజనానికి పిలిచింది. మహేశ్ ఉత్సాహం పట్టలేక జయంతిని బాల్కనీలోకి తీసుకెళ్లాడు. చల్లగా ఆవిరి కమ్మిన గాజుపెట్టెలో అదే ఆర్కిడ్. వేళ్లు ఇంకా ఒక రాతిముక్కను కరుచుకునే ఉన్నాయి.

"ఎక్కడిదండీ ఇది?"

"మా ఆర్కిడ్ గ్రూపుల దొరికింది. ఇగ అడవిల లేవంట, గిదే ఆఖరుదంట."

"నా ఫొటో ఎవరికైనా పంపారా?"

"నీ మెయిలే గ్రూపుల ఫార్వర్డ్ చేసిన. ఏమైంది?"

మెయిల్ చివర ఆమె ఫోన్ నంబరు ఉంది. జయంతి అతని ఫోన్ తీసుకుని ఫొటో వివరాలు తెరిచింది. మ్యాప్ వచ్చింది. ఫొటో తీసిన చోట, ఆ లోయ అంచునే ఎర్ర గుర్తు.

అక్కడే నిలబడి రించిన్‌కు మళ్లీ చేసింది. ఈసారి ఆమె కూతురు ఎత్తింది.

"వానలో ఎవరో కొండెక్కుతున్నారని అమ్మ ఒక్కతే వెళ్లింది. కింద వాగు పక్కన దొరికింది. నడుము విరిగింది. ఎవరైనా తోశారా అంటే పలకదు. హైదరాబాద్ అమ్మాయి మాత్రం చెప్పి ఉండదు అంటోంది."

"నా ఫొటో వల్లే వచ్చారు," అంది జయంతి.

ఫోన్ కట్టయింది.

జయంతి అటవీశాఖకు ఫిర్యాదు చేస్తానంటే మహేశ్ అడ్డుపడ్డాడు. "కేసయితే నా నౌకరి పోతది జయంతీ. నాకేం తెల్సు గిట్లయితదని?"

"నాకూ తెలియదండి. నా పేరు కూడా చెప్తాను."

అధికారులు వచ్చి మొక్కను తీసుకెళ్లారు. మహేశ్ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఎండలు ముదిరాక అటవీశాఖ నర్సరీ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు.

"ఆకులు నల్లబడుతున్నయమ్మా. దీన్నెట్ల కాపాడాల్నో తెలిసినోళ్లు ఉన్నరా?"

తెలిసిన మనిషి ఒక్కతే, రించిన్. జయంతి సిగ్గు చంపుకుని ఆ నంబరుకే చేసింది. కూతురు అంతా వింది.

"అది బతకదు," అంది. గొంతులో కోపం కూడా లేదు. "పై పగుళ్లలో ఇంకా కాసిని మిగిలాయి. మొగ్గ తొడిగాయి. నిన్న ఊళ్లోకి కొత్తవాళ్లు దిగారు. అమ్మ మంచం మీంచి లేవాలని చూస్తోంది."