ఉతికితే పోయే నీలం

కొత్తగా కలం కొన్నవాళ్ళు నా దగ్గరికొచ్చి, ఏ సిరా మంచిదండీ అని అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ తప్పేం లేదు. వీధిలో నాలుగేళ్ళుగా గుమాస్తాగిరీ చేస్తున్నవాణ్ణి, సిరా సంగతి నాక్కాక ఇంకెవరికి తెలుస్తుంది?

నలభై అయిదులో నాకు ఉద్యోగం వచ్చింది. మంగళగిరిలో మా నేతగాళ్ళ వీధికి ఫోర్తు ఫారం దాకా చదివిన మొదటివాణ్ణి నేనే. నూలుకి కార్డులు పెట్టిన రోజులవి. మగ్గం ఎవరి పేరున ఉంటే కార్డు వాళ్ళకే, కార్డు లేనివాడికి పోగు కూడా పుట్టదు. ఆ కార్డులు రాయడానికి మా వీధి సంఘం పెద్ద మార్కండేయులు నన్ను పెట్టుకున్నాడు. అప్పటికి ఖాయం చెయ్యలేదు. పని చూసి చేస్తామన్నాడు.

నాకు కలం కొనిపెట్టింది మాత్రం ఆయన అన్నగారు చౌడయ్య పెదనాన్న. మాకు చుట్టరికం లేదు, గోడవతల ఇల్లు, అంతే. అన్నదమ్ములు పంచుకుని పదేళ్ళయింది. పంచుకున్నాక మాటల్లేవు. పెదనాన్న వాటాకి రెండు గదుల పెంకుటిల్లూ, ఒక మగ్గమూ వచ్చాయి. పిల్లలు లేరు, భార్య పోయింది. ఆ భార్య అక్క కూతురు వెంకటరావమ్మని మొగుడు వదిలేసి ఇంకొకత్తిని తెచ్చుకుంటే, ఇరవయ్యో ఏట ఈ ఇంటికి వచ్చింది. అప్పటికి ముప్ఫై దాటాయి. మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు గాని మగ్గం ఎక్కరు. పెదనాన్నకి చూపు మందగించాక రావమ్మక్కే మగ్గం గుంటలో దిగి నేసేది. వీధంతా బుగ్గలు నొక్కుకుంది. పెదనాన్న లెక్కచెయ్యలేదు.

"మన వీధికీ ఒక కలం ఉండాల్రా అంకమ్మరావూ! ఎన్నాళ్ళని ఒకళ్ళ గుమ్మం ముందు కాయితం పట్టుకుని నించుంటాం?" అని కలం నా జేబులో పెట్టాడు. సిరా కొనడానికి ఇద్దరం రైలెక్కి కృష్ణ దాటి బెజవాడ వెళ్ళాం. వన్‌టౌన్లో వెంకటకృష్ణారావు గారని ఒక ఆసామీకి కాయితాలు, పలకలు అమ్మే కొట్టుండేది.

"సిరా కావాలండీ, నీలం," అన్నాను.

"ఏ నీలమండీ?"

నీలంలో రకాలుంటాయని నాకు తెలీదు. పెదనాన్న మాత్రం ముందుకు వంగాడు. రంగు మాట వినగానే నేతగాడికి ప్రాణం లేచొస్తుంది. కొట్టాయన రెండు సీసాలు తీసి బల్లమీద పెట్టాడు.

"ఇది కొత్తగా రాసేవాళ్ళకి మంచిదండీ. పాళీలో గడ్డకట్టదు. చేతికంటినా, చొక్కాకంటినా నీళ్ళు పోస్తే పోద్ది. అదేమో నల్లనీలం. కరణాలూ ప్లీడర్లూ వాడతారు. రాసేటప్పుడు వెలవెలబోతా ఉంటది, తెల్లారేసరికి నల్లబడుద్ది. ఇక దాన్ని మీరేం చేసినా పోదు. ఇంతకీ ఏం రాస్తారండీ?"

"ఏముందండీ, ఉత్తరం ముక్కలు," అన్నాడు పెదనాన్న. ఆయన మనసులో ఏముందో అప్పటికి నాకూ తెలీదు.

పైపంచె అంచుమీద ఒక్కో సిరా ఒక్కో చుక్క వేయించుకున్నాడు. ఆరనిచ్చి, కొట్టులో కూజాలోంచి నీళ్ళు అడిగి, బొటనవేలితో రుద్దాడు. మొదటి చుక్క పోయింది. రెండోది మొండికేసింది. దుకాణదారు నవ్వుకున్నాడు గాని పెదనాన్న ముఖంలో నవ్వు లేదు.

"ఇదే కొను," అన్నాడు, పోయినదాన్ని చూపిస్తూ. "ఇంట్లో ఈ చివర్నించి ఆ చివరిదాకా తెల్ల పడుగు పరిచి ఉంటది. ఒక్క చుక్క పడి, పోనంటే చీర చీరంతా పాడైపోద్ది. అయినా పూటకో రంగు మారే నీలం దొంగ నీలంరా. అద్దకంవాడు అలాంటిది తెస్తే నేను గుమ్మం ఎక్కనివ్వను."

నేను సీసా అందుకుని దానిమీది ఇంగ్లీషు కూడబలుక్కుని పైకి చదివాను. "ఉతికితే పోద్దని దీనిమీద కూడా రాశారు పెదనాన్నా!"

"చూశారండీ, మావాడు ఇంగ్లీషు కూడా చదువుతాడు," అని కొట్టాయనతో ఎంత మురిపెంగా చెప్పాడో! నా ఛాతీ కూడా రెండంగుళాలు పొంగింది. చదివింది నేనే. అర్థం చెప్పింది నేనే. ఈ సంగతి నేను ఎప్పుడూ మరిచిపోలేదు.

భాద్రపదంలో పెదనాన్న మంచాన పడ్డాడు. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిపించి తలుపు దగ్గరగా వేయించాడు.

"వీలునామా రాయాల్రా. దస్తావేజులు రాసేవాడి దగ్గరికెళ్తే సాయంత్రానికల్లా మా తమ్ముడి చెవిన పడుద్ది. నువ్వు మనవాడివి."

ఆయన చెప్పాడు, నేను రాశాను. నా వాటాకు వచ్చిన మగ్గమూ, ఇల్లూ, నూలు కార్డుతో సహా, నన్ను కన్నబిడ్డలా చూసిన వెంకటరావమ్మకు చెందవలెను. నా తమ్ముడు మార్కండేయులుకు గాని మరెవరికి గాని ఇందులో హక్కు లేదు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఆ నీలం ఎంత బాగుందని! ఆయన రెండుసార్లు చదివించుకుని విన్నాడు. సంఘంలో సంతకం రానివాళ్ళకోసం ఉంచే జిడ్డు నల్లరంగు నేనే పట్టుకొచ్చాను. ఆయన బొటనవేలు ముద్ర వేశాడు. తర్వాత పక్కిళ్ళ రత్తయ్యనీ, సుబ్బరత్నాన్నీ సాక్ష్యానికి పిలిస్తే వాళ్ళూ ముద్రలు వేశారు. కాయితంలో ఏముందో వాళ్ళకి చెప్పలేదు, చెప్పొద్దన్నాడు.

అప్పుడైనా నాకు ఆ సీసామీది మాట గుర్తుకు రావాలా? రాలేదు.

పెదనాన్న కాయితాన్ని తెల్లగుడ్డ ముక్కలో చుట్టి, రావమ్మక్కని పిలిచి, మగ్గం గుంట గోడలో ఉన్న చిన్న గూట్లో పెట్టించాడు. నేతగాడికి ఇనప్పెట్టె అదే. పగలంతా అక్కడే కూచుంటాడు, ఏ దొంగ వస్తాడు? "నేను పోయాక నలుగురి ముందూ తీయమ్మా," అన్నాడు.

ఆశ్వయుజం మొదట్లో పోయాడు. మా వాళ్ళలో చావు జరిగిన ఇంట పెద్దకర్మ అయ్యేదాకా మగ్గం ఆడదు, గుంటలో ఎవరూ కాలు పెట్టరు. మూడో రోజున వాన పట్టుకుంది. అయిదు రోజులు వదల్లేదు. అలా కురిస్తే మగ్గం గుంటల్లో నీళ్ళూరడం మాకు మామూలే. వీధిలో ప్రతి ఇంటా చెంబుతో తోడిపోసుకున్నారు. ఆ ఒక్క ఇంట్లో తోడలేదు, దిగకూడదు కనక.

పన్నెండో రోజున పెద్దకర్మ కాగానే పెద్దలు అరుగుమీద చేరారు. మార్కండేయులు అన్న పోయిన దుఃఖంతో కండువా కళ్ళకద్దుకుని, "కాయితం ఏదన్నా ఉంటే చూపించమ్మా. అన్నయ్య రాసిందే నాకు శాసనం," అన్నాడు.

రావమ్మక్క ముఖంలో ఆరోజు ధైర్యం చూశాను. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, గూట్లోంచి మూట తీసింది. గూడూ మునిగే ఉంది. అరుగుమీదికి తెచ్చి విప్పింది. చుట్టిన గుడ్డంతా నీలం. కాయితం తెల్లగా ఉంది. అడుగున మూడు వేలిముద్రలు మాత్రం ఇప్పుడే వేసినట్టు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత నన్ను చూసే పుట్టి ఉండాలి. సంతకం రాని ముగ్గురి వేళ్ళూ నిలిచాయి. పోయింది నా రాత ఒక్కటే.

రత్తయ్యని అడిగారు. "వెయ్యమన్నాడు, వేశాం. ఏముందో మాకేం తెలుసు?" అన్నాడు. సుబ్బరత్నమూ అదే అన్నాడు. అప్పుడు అందరూ నావైపు తిరిగారు.

అప్పటికీ ఏమీ మించిపోలేదు. ఆ కాయితంలో ప్రతి అక్షరమూ నాకు నోటికి వచ్చు. పెద్దలు నా నోటిమాటని కొట్టిపారేసేవాళ్ళు కారు. రావమ్మక్క ఆ తడికాయితం పట్టుకుని నా ముఖంలోకే చూస్తోంది.

"చెప్పరా అబ్బాయ్," అన్నాడు మార్కండేయులు, ఎంతో మెత్తగా. "సంఘంలో రాసేవాడివి, నీ మాట మాకు నమ్మకమే. పైవారం నీ ఉద్యోగం ఖాయం చేద్దామనే అనుకుంటన్నాం కూడాను."

నేను జేబులో కలం సర్దుకున్నాను.

"ఇల్లు గురించే ఏదో రాశానండీ. ఎవరికన్నది... సరిగ్గా గుర్తులేదండీ."

రావమ్మక్క కాయితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నన్నో మాట అని ఉంటే బాగుండేది, చెప్పుతో కొట్టినా బాగుండేది.

పైవారం నా ఉద్యోగం ఖాయమైంది. ఖాయమయ్యాక రాసిన మొదటి కార్డు చౌడయ్య గారి మగ్గానిది. మార్కండేయులు పేరున మార్చి రాశాను. సంఘానికి నల్లనీలం సీసా తెప్పించారు. రాసేటప్పుడు వెలవెలబోతూ ఉంది. తెల్లారేసరికి నల్లబడింది. ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

రావమ్మక్క చల్లపల్లిలో ఎవరింట్లోనో వంటకి కుదిరింది. బయల్దేరే రోజు పొద్దున నేను వెళ్ళాను. ఏం చెప్పాలని వెళ్ళానో నాకే తెలీదు. పెరట్లో ఆ గుడ్డముక్కని బండమీద ఉతుకుతోంది. మూడు నీళ్ళు తీసి, పిండి, దులిపి ఎండకి పట్టింది. కొట్టాయన చెప్పింది నిజమే. ఒక్క మరక లేదు.

దాన్ని మడిచి నా చేతిలో పెట్టింది.

"ఉంచుకో తమ్ముడూ," అంది. "కలం తుడుచుకోవడానికి పనికొస్తది."