పెళ్ళికోసం ఆర్పిన దీపాలు

మా వాగులో తిరిగే డైనమో నాది. ఊరికి కరెంటు తెచ్చింది నేను. గొప్పకోసం చెబుతున్నానని మా వాళ్ళు మూతి విరుస్తారు. విరవనివ్వండి. ఊ అనే మా నది అవతలి బజారునుంచి దాన్ని పడవలో తెప్పించి, వాగు ఉరికే చోట రాళ్ళ మధ్య బిగించి, ఇంటింటికీ తీగలు లాగింది నేనే కదా.

అందులో పెద్ద మాయేమీ లేదు. నీళ్ళు రెక్కను తిప్పుతాయి, రెక్క అయస్కాంతాన్ని తిప్పుతుంది, దాని చుట్టూ రాగితీగ చుట్టలుంటాయి. అయస్కాంతం తిరిగినంతసేపూ ఆ తీగలో కరెంటు పుడుతుంది. అది ఒక తీగమీద ఇంటికి వెళ్ళి, బల్బు వెలిగించి, రెండో తీగమీద వెనక్కి రావాలి. ఆ దారి ఎక్కడ తెగినా చీకటే.

ఇంత తెలిసినదాన్ని, కొత్త సంవత్సరం నాటి బాసీ అనే దీవెన తంతులో మాత్రం తల దించుకున్నాను. బాసీ జరిపించే ఖాంపేట్ మామ, మనిషి ఒంట్లోంచి అటూ ఇటూ తిరగడానికి పోయిన ఖ్వాన్లను, అదే ప్రాణాలను, వెనక్కి రమ్మని పిలుస్తున్నాడు. అవి వస్తేనే మణికట్టుకు తెల్లదారం కట్టి ఒంట్లో నిలుపుతారు. సరిగ్గా అప్పుడే ఆయన నెత్తిమీది బల్బు ఫట్టుమంది. వస్తున్న ఖ్వాన్లు బెదిరి పారిపోయాయని ముసలమ్మలు గోల పెట్టారు.

"ఇంకొక్క బాసీలో బల్బు పేలిందా, నీ డైనమో వాగులోంచి పీకేయిస్తా వన్సీ" అన్నాడు మామ. ఊరిపెద్ద కూడా ఆయనే. అన్నాడంటే చేస్తాడు.

"బజారు బల్బు మామా, నాసిరకం" అన్నాను. నాకు నిజంగా అలాగే అనిపించింది.

ఆ తర్వాత వచ్చింది మా అక్క కూతురు డావొన్ పెళ్ళి. పెళ్ళికీ బాసీ ఉంటుంది. ఈసారి ఖరీదైన బల్బులు తెచ్చి నేనే బిగించాను. మగపెళ్ళివాళ్ళు నది దాటి వచ్చేసరికి పొద్దు వాలింది. అందరూ అక్కా వాళ్ళింటికి బయల్దేరుతున్నారు. రెక్కలో ఇరుక్కున్న ఆకులు తీసి పోదామని నేను వాగు దగ్గరికి వెళ్ళాను.

డైనమో మోత మారింది. రోజూ గుర్రుమనేది, ఇవాళ సన్నగా ఈల వేసినట్టు పైకి లేస్తోంది. నీళ్ళు పెరిగాయేమోనని చూశాను, పెరగలేదు. తలెత్తి ఊరివైపు చూశాను. ఇళ్ళు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. ఒక ఇల్లు ఆరినప్పుడల్లా మోత ఇంకాస్త పైకి పోతోంది.

పెళ్ళిబట్టలు కట్టుకుని మాలివన్ వదిన ఎదురొచ్చింది. "మా ఇంట్లో అన్నీ ఆర్పేసి వస్తున్నానే. కరెంటంతా మీ డావొన్‌కే. తనివితీరా వాడుకోండి."

"ఎవరు ఆర్పమన్నారు వదినా?"

"ఒకరు చెప్పాలా? ఎవరి పొలంలో నాట్లయితే మిగతావాళ్ళం మడవలు మూసుకుని వాళ్ళకి నీళ్ళొదలమూ? ఊరంతా ఆర్పేసింది. మేమేం మర్యాద తెలియనివాళ్ళమా?"

అప్పుడు అర్థమైంది నాకు. కరెంటు కాలువ నీళ్ళు కాదు. దాన్ని వాడుకునేకొద్దీ ఆ కరెంటే అయస్కాంతాన్ని వెనక్కి పట్టి లాగుతుంది. ఇళ్ళన్నీ వెలుగుతుంటే డైనమో నాగలి లాగే గేదెలా నెమ్మదిగా నడుస్తుంది. నాగలి విప్పేస్తే పరుగే. ఆ పరుగంతా మిగిలిన ఒక్క ఇంటి బల్బులమీద పడుతుంది. కొత్త సంవత్సరానికీ ఇదే జరిగింది. పాపం బజారువాణ్ణి అనవసరంగా తిట్టాను.

"వెనక్కి పో వదినా, దీపాలన్నీ వెయ్యి!"

"మతిపోయిందా నీకు? పెళ్ళిపూట..."

"తర్వాత తిడుదువుగాని. ముందు వెయ్యి!"

పరుగెత్తాను. బాసీ అప్పటికే మొదలైంది. మధ్యలో పూలపళ్ళెం, దాని ముందు పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు. వెనకున్నవాళ్ళంతా ఒకరి మోచేయి ఒకరు పట్టుకుని కూర్చున్నారు, దీవెన అందరికీ అందాలని. ఆ వరస మధ్యలో తెంచడం మా దగ్గర పెద్ద తప్పు. పైన బల్బులు కళ్ళు చెదిరేంత తెల్లగా మండుతున్నాయి. నేను భుజాలమీంచి దాటుకుంటూ, చేతులు విడదీసుకుంటూ మూలకి పోయాను. పెళ్ళికొడుకు చొక్కా ఇస్త్రీ చేసిన పెట్టె అక్కడుంది. ప్లగ్గు పెట్టేశాను, అది నాలుగైదు ఇళ్ళంత కరెంటు లాగుతుంది. తెల్లటి వెలుగు పసుపుపచ్చగా దిగింది.

ఖాంపేట్ మామ పిలుపు ఆపేశాడు. "బాసీ మధ్యలో ఇస్త్రీ ఏంటే? సిగ్గులేదూ?"

మగపెళ్ళివాళ్ళు పకపకా నవ్వారు. డావొన్ ముఖం మాడిపోయింది. అయినా నేను తగ్గలేదు.

"బల్బు పేలకుండా మామా" అని, ఆయాసపడుతూనే గేదె సంగతీ నాగలి సంగతీ అందరిముందూ చెప్పేశాను. "ఊళ్ళో దీపాలారితే ఇక్కడ పేలతాయి. నమ్మవా? చూడు." ప్లగ్గు లాగాను. బల్బులు భగ్గుమన్నాయి. వెంటనే పెట్టాను. దిగాయి.

ఆయన బల్బులవైపు చూశాడు, ఇస్త్రీపెట్టెవైపు చూశాడు. ఊరిజనం ముందు ఆయనకు ఎదురు చెప్పాను. ఇక డైనమో పోయినట్టే అనుకున్నాను.

"కొత్త సంవత్సరం నాడు మా ఇంట్లో దీపాలన్నీ నా చేత్తో ఆర్పి వచ్చాను" అన్నాడు మెల్లగా. "ఇవాళా అంతే."

"నువ్వొక్కడివే కాదు మామా, అందరూ ఆర్పారు. మన మంచితనం ఎక్కువై పేలింది ఆ బల్బు."

ఆయన పళ్ళెం ముందునుంచి లేచాడు. తర్వాత గొంతు పెంచాడు. "ఖ్వాన్లు మనవే. కాసేపు కూర్చుంటాయి. లేవండి! ఎవరింటికి వాళ్ళు పోయి, ఉన్న దీపాలన్నీ వేసి రండి."

బాసీ మధ్యలోంచి జనాన్ని లేపడం నా పుట్టుకలో చూడలేదు. మెట్లు దడదడలాడాయి. ఊళ్ళో ఇళ్ళు మళ్ళీ వెలిగాయి. "వన్సీ, వంటింట్లోది కూడా వెయ్యనా?" అని మాలివన్ వదిన వాళ్ళింట్లోంచే కేకేసింది.

"వెయ్యి వదినా, ఉన్నవన్నీ వెయ్యి!"

ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీశాను. బల్బులు కదలలేదు. జనం తిరిగొచ్చి మోచేతులు పట్టుకున్నారు. ఖాంపేట్ మామ పళ్ళెం ముందు సర్దుకుని కూర్చుని, నావైపు తిరిగాడు. ఆయన ఇన్నేళ్ళలో ఎవరి అనుమతీ అడిగింది లేదు.

"చెప్పవే, మొదలుపెట్టనా?" అన్నాడు.

పైన బల్బులవైపు ఒకసారి చూశాను. "మొదలుపెట్టు మామా" అన్నాను.